జీపులో ముందు సీటు

మొన్న మంగళవారం నేను చేసిన ఘనకార్యం వింటే మీరే అంటారు, ఇతను ఇంకా ఆఫీసుకి ఏ మొహం పెట్టుకుని వెళ్తున్నాడని.

మా కాఫీ తోటల్లో ఫీల్డు పని చూసేది ఇద్దరం, నేనూ సింహాద్రీ. నేను నీడకోసం సిల్వర్ ఓక్ మొక్కలు నాటిస్తే "దగ్గరుండి నాటించాను సార్" అని ఆఫీసరు గారికి చెప్పేది అతను. అతను నీళ్లు పెట్టించడం మరిచిపోయి నారు ఎండిపోతే "గురువుగారికి చెప్తానే ఉన్నాను సార్, వినరు" అని నా మీదికి తోసేదీ అతనే.

ఈ ఆఫీసరు గారు వచ్చి ఎన్నాళ్లో కాలేదు. క్యాంపుకి బయల్దేరితే సింహాద్రి డ్రైవరుకీ ఆయనకీ మధ్య దూరిపోతాడు. ఘాటు రోడ్డు పొడుగునా ఆయన చెవిలో ఏదో చెప్తూనే ఉంటాడు, ఆయన తలూపుతూనే ఉంటారు. వెనకాల స్టెప్నీ పక్కన ఎగిరెగిరి పడుతూ నేను. ఒక్క ముక్క వినబడి చావదు. దానికితోడు పార్వతీపురంలో ఒక పోస్టు ఖాళీ అయింది. మా ఆవిడ అక్కడే టీచరు. నేను ఇంటికెళ్తే మా చంటాడు ఎవరో కొత్తమనిషి వచ్చాడని ఏడుస్తున్నాడు. ఆ పోస్టు నేనూ అడిగాను, సింహాద్రీ అడిగాడు. ఇంక నాకు కుదురేదీ? అన్నం ముందు కూర్చున్నా అదే ధ్యాస, ఏం చెప్తున్నాడో, ఏం చెప్తున్నాడో అని.

మంగళవారం జి.మాడుగుల క్యాంపు. అందరికంటే ముందే వెళ్లి ఆ మధ్య సీట్లో కూచున్నాను.

"ఏటి గురువుగారూ, ఇక్కడ కూకున్నారు?" అన్నాడు సింహాద్రి.

"వెనకాల అయితే నడుం పట్టేస్తోంది."

అతను వెనక్కెళ్లి స్టెప్నీ పక్కన ఎక్కాడు.

బండి కదలగానే మొదలుపెట్టాను. నాటిన మొక్కలు, ఎండిన నారు, మా చంటాడి ఏడుపు, అన్నీ. ఇంజను మోతకి గొంతు పెంచాల్సొచ్చింది. ఆయన తలూపుతున్నారు. ఊపిన కొద్దీ నాకు హుషారు. "సింహాద్రి మనిషి కాడు సార్, కొండచిలవ! మిమ్మల్నీ మింగేస్తాడు" అని నేను అరుస్తుండగా, పాడేరు టీ కొట్టు దగ్గర డ్రైవరు ఇంజను ఆపేశాడు. కొట్టులో వాళ్లంతా నావైపు తిరిగారు.

ఆఫీసరు గారు కిందికి దిగి, ఎడమ చెవి నావైపు పెట్టి అడిగారు. "దారిలో ఏదో అంటున్నావు, ఏమిటయ్యా? నాకు కుడి చెవి వినబడదు. డొంకరాయిలో డ్యాం కోసం కొండలు పేల్చే రోజుల్లో పోయింది."

"మరి తలూపారు కదండీ?"

"నేనెక్కడ ఊపాను? రోడ్డు ఊపింది. కాస్త కునుకు పట్టింది కూడా."

"ఏం లేదండీ, చలి బాగా ఉందంటున్నాను" అన్నాను.

సింహాద్రి చెప్పినవీ ఆ చెవిలోకే వెళ్లాయన్నమాట! ప్రాణం లేచొచ్చింది. అంతలోనే వెనక సీటు గుర్తొచ్చి చల్లబడిపోయాను. సింహాద్రి టీ గ్లాసుతో వస్తున్నాడు.

"తాగండి గురువుగారూ, కొండచిలవ తెచ్చింది. బేగి తాగీయండి. అంతసేపు అరిసేరు, గొంతు ఎండిపోయుంటాది."

తాగాను. ఏం చేస్తాను?

కానీ పోస్టు సంగతి అలాగే ఉంది కదా. ఆయన ఎడమ చెవి దగ్గరికి ఎలా చేరడం? ఆ పక్క సీటు లేదు, తలుపు కూడా లేదు, రోడ్డు దాటితే లోయ. కాలు పెట్టుకుని వేలాడడానికి చోటుందేమోనని జీపు కిందికి వంగి చూస్తున్నాను.

"ఏటి పడిపోయిందండీ?" అన్నాడు డ్రైవరు.

ఏమీ లేదన్నాను. పరువు తప్ప నా దగ్గర పడిపోయేదేముంది, అది టీ కొట్టు ముందే పడిపోయింది.