నర్సి మామ తెచ్చిన రొయ్యలు

మొన్న పేట్ బషీరాబాద్‌లో స్నేహితురాలి ఇంటికి వెళ్ళినప్పుడు, ఆమె కూతురు హాల్లో ఉన్న గాజు తొట్టి మూత తీసి మేత వేస్తోంది. మూత తీయగానే నాచు వాసన, నానిన ఆకు వాసన, చెరువులో నీళ్ళు వెనక్కి పోయినప్పుడు గట్టున వచ్చే బురద వాసన అన్నీ కలిసి నా ముక్కుకు తగిలాయి. లోపల గోరంత ఎర్ర రొయ్యలు రాళ్ళ మీద పాకుతున్నాయి. "దగ్గరికొచ్చి చూడండి ఆంటీ, దీనికి గుడ్లున్నాయి" అని పిలిచింది ఆ పిల్ల. కాఫీ గ్లాసు పట్టుకుని నేను బాల్కనీలోకి వెళ్ళిపోయాను.

నేను పెరిగింది మేడ్చల్‌లో. అప్పటికి మేడ్చల్ ఇంకా ఊరే. శివరాత్రి దాటాక ద్రాక్షతోటల మీంచి వచ్చే గాలి తియ్యగా, పుల్లగా ఉండేది. వానాకాలంలో మక్కకంకులు కాల్చిన పొగ వీధంతా కమ్మేది. బతుకమ్మ రోజుల్లో తంగేడు పూల పుప్పొడి అమ్మ చీర కుచ్చిళ్ళకు అంటుకుని, సద్దుల్లో కలిపిన నువ్వులపొడి వాసనతో పాటు రాత్రి దాకా ఆమెతోనే తిరిగేది. నాయినకు తాతలిచ్చిన పొలం ఉన్నా ఆయన మనసు పొలం మీద ఉండేది కాదు. తెల్లచొక్కా వేసుకుని, మోటార్ సైకిల్ మీద భూములు చూపించడానికీ, బేరాలు కుదర్చడానికీ తిరిగేవాడు. ఇంటికి ఎప్పుడూ నలుగురు మనుషులతో వచ్చేవాడు. అమ్మ ఎప్పుడూ నలుగురికి సరిపడా ఛాయ్ పెడుతూ ఉండేది.

ఒకసారి నా పుట్టినరోజుకు నాయిన పట్నం నుంచి గాజు తొట్టి, అందులో బంగారు చేపలు తెచ్చాడు. చేపలు వారం తిరక్కుండానే పోయాయి. తొట్టి మేడ మీద దుమ్ము పట్టి పడి ఉంటే, శామీర్‌పేట నుంచి వచ్చిన నర్సి మామ, అంటే అమ్మ తమ్ముడు, దాన్ని చూసి నవ్వి వెళ్ళాడు. మళ్ళీ వచ్చేటప్పుడు పాల క్యాను పట్టుకొచ్చాడు. చెరువు అంచున గడ్డిలో దోమతెర గుడ్డ వేసి పట్టిన చిట్టి రొయ్యలు అందులో ఉన్నాయి. కొన్ని పచ్చగా, కొన్ని బూడిద రంగులో, కొన్ని గాజులా వెనకున్న గోడ కనిపించేంత పలచగా ఉన్నాయి. చిన్నప్పుడు చెరువు గట్టున అమ్మా మామా అవే రొయ్యలను పట్టి సత్తు గిన్నెలో పెట్టుకుని ఆడుకునేవాళ్ళట. క్యాను మూత తీసి చూసి అమ్మ ముఖం చిన్నపిల్ల ముఖంలా అయిపోయింది.

"కూర జేస్కుంటవో, సాదుకుంటవో నీ ఇష్టమక్కా" అన్నాడు మామ.

"నీ నోట్ల మన్నువడ! గీటిని కూరజేస్తరార?" అంది అమ్మ.

మొదట్లో నల్లా నీళ్ళు నేరుగా పోస్తే సగం చనిపోయాయి. ఆ తర్వాత అమ్మ బోరు నీళ్ళు బిందెలో పట్టి, ఒక పగలూ ఒక రాత్రీ ఊరికే ఉంచి, చెంబుతో గోడ వారగా మెల్లగా పోయడం అలవాటు చేసుకుంది. పాలకూర ఆకు ఉడకబెట్టి వేసేది, తిన్నంత తిన్నాక మిగిలింది తీసేసేది. ఎండిన బాదం ఆకు ఒకటి ఎప్పుడూ అడుగున ఉండేది. గాలి పంపు గొట్టానికి రొయ్యపిల్లలు చిక్కుకోకుండా స్పాంజి ముక్క కట్టింది. కరెంటు పోయినప్పుడు గ్లాసుతో నీళ్ళు ముంచి పైనుంచి ధారగా పోస్తూ, ఆ చప్పుడు వింటూ చీకట్లో కూర్చునేది. ఎండాకాలం తడిగుడ్డ తొట్టి చుట్టూ చుట్టేది. ఆ గదిలో దోమల మందు కొట్టనిచ్చేది కాదు. దోమలు కుడుతున్నాయని నాయిన తిట్టినా వినేది కాదు.

ఒకరోజు అడుగున తెల్లగా, ఖాళీగా పడి ఉన్న రొయ్యను చూసి నేను ఏడ్చాను.

"సచ్చిపోలే బిడ్డా, అంగి ఇడిసింది. కొత్తంగి గట్టివడేదాక రాయికింద దాసుకుంటది, ఆగు" అంది అమ్మ. సాయంత్రానికి నిజంగానే రాయి కింద నుంచి మిలమిలా మెరుస్తూ బయటికి వచ్చింది.

ఆ వానాకాలమే మొదటిసారి ఒకదాని కడుపు కింద ఆవాల్లాంటి గుడ్లు కనిపించాయి. అది కాళ్ళతో వాటికి గాలి ఆడిస్తూ, ఒక్కొక్కటీ సర్దుకుంటూ కదలకుండా కూర్చునేది. అమ్మ వంట మధ్యలో వచ్చి చూసి వెళ్ళేది. ఒక ఉదయం నన్ను నిద్రలేపి తీసుకెళ్ళి గాజు మీద వేలు పెట్టి చూపించింది. కంటిరెప్ప వెంట్రుకంత పిల్లలు, అచ్చం తల్లిలాగే కాళ్ళూ మీసాలూ ఉన్నవి, నాచును పట్టుకుని వేలాడుతున్నాయి. ఆ రోజే మామకు కబురు పంపింది.

మామకూ నాయినకూ చెడింది ఆ తర్వాతి ఎండాకాలంలో. తూంకుంట దిక్కున నాయిన బేరం చేసిన భూమికి దారి మామ మెట్టచెలకలోంచే రావాలి. మామ అమ్మనన్నాడు. నాయిన అప్పటికే పెద్దమనుషులకు మాట ఇచ్చాడు. మా ఇంటి ముందు, అందరూ చూస్తుండగా, ఇద్దరూ ఒకరి కాలర్ ఒకరు పట్టుకున్నారు. మామ వెళ్ళిపోయాక నాయిన వంటింటి తలుపు దగ్గర నిలబడి అమ్మతో అన్నాడు: "ఆ గడప తొక్కినవంటె మళ్ళ ఈ గడప తొక్కకు."

అమ్మ తొక్కలేదు. మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య ఉన్నది ఒక ఆటో ప్రయాణం. అయినా బోనాలకు పిలుపు లేదు, బతుకమ్మకు పుట్టింటి చీర లేదు. ప్రతి రాఖీ పున్నానికీ ఒక రాఖీ కొని, దేవుని అర్రలో పటం వెనక పెట్టేది. తొట్టిలో మాత్రం రొయ్యలు గుడ్లు పెడుతూనే ఉన్నాయి. మామ తెచ్చినవి ఎప్పుడో పోయాయి, ఇవి వాటి పిల్లల పిల్లలు. ఇంటికి వచ్చినవాళ్ళు ఏమిటివని అడిగితే, "మా తమ్ముడు తెచ్చిండు" అనేది అమ్మ, నిన్ననే తెచ్చినట్టు.

నేను తొమ్మిదో తరగతికి వచ్చేసరికి నాయిన తూంకుంటలో, కరీంనగర్ రోడ్డు మీద ఆఫీసు తెరిచాడు. టేబుల్ పక్కన పెద్ద తొట్టిలో ఎర్రటి చేప ఒక్కటే ఉండేది. దాని నుదుటి మీద బుడిపె, ఒంటి మీద నల్ల మచ్చలు. అప్పట్లో భూముల వ్యాపారం చేసే ప్రతివాళ్ళ దగ్గరా ఆ వాస్తు చేప ఉండేది. అది ఉంటే లక్ష్మి నడిచి వస్తుందనేవారు.

రాఖీ పున్నానికి ముందురోజు నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ తొట్టి ముందు నిలబడి ఉంది. అమ్మ పక్కింట్లో ఒడిబియ్యానికి వెళ్ళిన సమయంలో నాయిన వచ్చి, ఛాయ్ జాలితో రొయ్యలన్నీ దేవి, టిఫిన్ డబ్బాలో వేసుకుని వెళ్ళాడు. నీళ్ళు కలకబారి ఉన్నాయి. బాదం ఆకు ముక్కలై పైకి తేలింది. జాలి కన్నాల్లోంచి జారిపోయిన పిల్లలు కొన్ని మాత్రం స్పాంజిని పట్టుకుని ఉన్నాయి.

సాయంత్రం నాయిన వచ్చాడు. "ఏంది, గట్ల మొకం బెట్టినవ్? రొయ్యలే గదనే. చేపకు రంగు రావాల్నంటె పానమున్నయి ఎయ్యాలన్నడు దుకాణపాయన. ఎంబడే మింగింది తెల్సా, ఒక్కటి ఇడువలే!"

"నన్నొకమాట అడుగకపోతివి" అంది అమ్మ.

"గీటికి గూడ అడగాల్నా?" అని నాయిన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

మరునాడు పొద్దున అమ్మ స్నానం చేసి, మిగిలిన పిల్లలను నీళ్ళతో సహా ఊరగాయ సీసాలోకి తీసింది. పటం వెనకనుంచి రాఖీలు తీసుకుంది. నాయిన వరండాలో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆయన ముందు నుంచే నా చెయ్యి పట్టుకుని గేటు దాటింది. ఆయన చూశాడు, ఏమీ అనలేదు. అనకపోవడం నాకు వింతగా తోచింది. షేరింగ్ ఆటోలో దారి పొడవునా సీసా అమ్మ ఒళ్ళోనే ఉంది. ఇక మళ్ళీ మా ఇంటికి రావడం ఉండదేమోనని నేను భయపడ్డాను.

నర్సి మామ గడపలోకి పరుగున వచ్చాడు. అమ్మ ఏడుస్తూ రొయ్యల సంగతి చెప్పింది. మామ చెయ్యి చాచాడు, అమ్మ అన్ని రాఖీలూ కట్టింది. అత్త సేమ్యా పాయసం తెచ్చింది. అప్పుడు అమ్మ అంది: "నీ చెలక నువ్వే ఉంచుకో తమ్మీ. ఇగ ఆయన ఏమన్ననీ, నేనొస్తనే ఉంట."

మామ అత్త వైపు చూశాడు. "చెలక ఏడున్నదక్కా? పోయిన దసరాకే బావకిచ్చేసిన గద. గా పంచాయితీ ఎప్పుడో అయిపాయె. ఆఫీసు తెరిచిననాడు గూడ నేనున్న. బావ చెప్పలేదా?"

"నువ్వన్న రాకపోతివి?" అంది అమ్మ.

"బావ చెప్పిండనుకున్నక్కా. నువ్వే కోపంతోని వస్తలేవనుకున్న." తర్వాత సీసా వైపు చూసి, "రొయ్యలకేందక్కా, చెరువుల మస్తున్నయి, మళ్ళ తెచ్చిస్త" అన్నాడు.

"వద్దు" అంది అమ్మ. పాయసం గిన్నె కింద పెట్టింది.

వచ్చేటప్పుడు చెరువు కట్ట దగ్గర ఆటో ఆపించి, రాళ్ళ మీద నుంచి దిగి, సీసాను నీళ్ళలోకి వంచింది. అవి ఎటు పోయాయో చూడటానికి కూడా నిలబడలేదు. మధ్యాహ్నానికి ఇంట్లో నాయిన మనుషులకు ఛాయ్ పెడుతోంది.

ఇప్పుడు ద్రాక్షతోటలు లేవు, మక్కచేన్లు లేవు. మామ చెలకలో వరసగా ఒకేలాంటి ఇళ్ళు, ముందు గేటు, గేటుకు కాపలా. నాయినా మామా కలిసి వ్యాపారం చేస్తారు. పెళ్ళిళ్ళలో ఒకే సోఫాలో కూర్చుంటారు. మామ వస్తే అమ్మ అన్నం పెడుతుంది, పక్కన కూర్చోదు. తొట్టి ఏమైందో నాకు తెలియదు.

పోయిన ఎండాకాలం పచ్చడికి మామిడికాయలు కోస్తుంటే, ఇన్నేళ్ళలో మొదటిసారి అడిగాను.

"అమ్మా, మామతోని కలిసిపోయిన సంగతి నీకెందుకు చెప్పలేదని నాయిన్ని ఎన్నడన్న అడిగినవా?"

"అడిగిన."

"ఏమన్నడు?"

"యాదిమర్చిన అన్నడు" అంది అమ్మ, ఇంకో కాయ అందుకుంటూ.