కడ్డీ లేని తుంటి

స్కాన్ సెంటర్ మేనేజరుగారికి కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉండేది కానీ, జీతం కాగితం మీద తప్ప దానికి ఎక్కడా పని లేదు. అందరికీ ఆయన ఉచితంగారే. జేబులో మందుల కంపెనీ పెన్ను, చంకలో బీమా కంపెనీ గొడుగు, మంచం మీద విమానంలో కప్పుకోమని ఇచ్చిన దుప్పటి. కళ్లజోడు అద్దాలు మాత్రం కొన్నాడు, ఫ్రేము బావమరిదిది. డాక్టరు దగ్గర బరువు చూడడం ఊరికేనని తెలిసి, దిగి మళ్లీ ఎక్కేవాడని వాళ్లావిడే చెప్పుకుని నవ్వేది.

స్కాన్ యంత్రం తీసిన ఎముకల్ని కంటికి కనిపించే బొమ్మలుగా మార్చడానికి సెంటర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉండేది. దానికి ఏటా రుసుం కట్టాలి. ఆ రుసుం తలుచుకుంటే ఉచితంగారికి అన్నం సయించేది కాదు. వెతగ్గా వెతగ్గా ఇంటర్నెట్‌లో ఇంకొకటి దొరికింది. ఎక్కడెక్కడి పరిశోధకులో కలిసి రాసి, ఎవరైనా వాడుకోవచ్చు, లోపలి రాతంతా విప్పి చూసుకోవచ్చు, కావాలంటే మార్చుకోవచ్చు అని బయట పెట్టేసిన సరుకు. పైసా ఇవ్వక్కర్లేదు. ఉచితంగారు ఆ రాత్రి హాయిగా గురక పెట్టాడు.

మర్నాటి నుంచి ఆయన మనసు "మార్చుకోవచ్చు" అన్న మాట మీద పడింది. బొమ్మ కింద ఒక మూల బూడిదరంగులో చీమంత అక్షరాలు కనిపిస్తున్నాయి. ఊరికే ఇచ్చినవాడు తన పేరు వేసుకోకుండా ఉంటాడా, ఇది వాళ్ల ప్రకటనే అని తేల్చేశాడు. చదవాలని మాత్రం తోచలేదు. కుస్తీపట్లన్నీ పట్టి లోపలి రాతలో ఆ అక్షరాలు పుట్టే వరస పట్టుకుని పీకేసి, అక్కడ ఎర్రగా సెంటర్ పేరు, దాని కింద తన పేరు వేశాడు. ఆ పూట నుంచి టీ కొట్టు దగ్గర అది "మన సాఫ్ట్‌వేర్" అయిపోయింది.

బొమ్మలు ఎంత బాగా వచ్చేవనుకున్నారు! దంతంతో చెక్కినట్టు. వ్యాయామం మాస్టారి తుంటి ఎంత నున్నగా ఉందో, మంచం దిగలేని మామ్మగారి తుంటి కూడా అంతే నున్నగా ఉండేది. ఏళ్ల తరబడి చేతికర్ర మీద నడుస్తున్న, గడియారాలు బాగుచేసే ముసలాయన తన బొమ్మ చూసి పొంగిపోయి, దాన్ని అద్దం కట్టించి కొట్టులో పెట్టి, కర్రని మేకుకి తగిలించేశాడు. సాయంత్రాలు వచ్చి, హెల్మెట్ కూడా తీయకుండా సంతకాలు పెట్టిపోయే డాక్టరుగారైతే, ఇదంతా తాను రాసిన కాల్షియం బిళ్లల చలవేనని నమ్మాడు.

ఇంతలో వదినగారి వంతు వచ్చింది. ఉచితంగారి అన్నగారి భార్య, బస్సు కండక్టరుగా చేసి రిటైరయిన మనిషి. అప్పట్లో ఫుట్‌బోర్డు మీంచి పడి తొడ విరిగితే లోపల కడ్డీ వేసి మరలు బిగించారు. ఇప్పుడు మళ్లీ పోటు మొదలై, మెట్టెక్కితే ప్రాణం పోతోంది. మళ్లీ కోయాలో అక్కర్లేదో స్కాన్ చూస్తే తెలుస్తుందని సర్జన్ అన్నాడు. ఉచితంగారు దగ్గరుండి స్కాన్ తీయించి, బొమ్మ అన్నగారి చేతిలో పెట్టి, వదిన తుంటి బంగారమనీ, నొప్పి మనసులో ఉందనీ, ఇక సర్జన్ దాకా పోనక్కర్లేదనీ, బాగా నడిపించమనీ చెప్పాడు. అన్నగారు నడిపించాడు. ఆవిడ పళ్లు బిగపట్టి వీధి చివరిదాకా రోజూ నడిచింది.

ఒక మధ్యాహ్నం ఆవిడ ఆ బొమ్మ పట్టుకుని, గోడలు ఆనుకుంటూ సెంటర్‌కి వచ్చింది.

"మరిదీ, ఇది నా కాలేనా?"

"పైన మీ పేరు నేనే కొట్టాను కదా వదినా."

"పేరుంది. కడ్డీ ఏది?"

ఉచితంగారు బొమ్మని తిప్పి చూశాడు, వెనక కూడా చూశాడు. "పాత లోహం కదండీ, ఒక్కోసారి ఎముకలో కలిసిపోతుంది."

"కలిసిపోవడానికి పంచదారా? మొన్న సినిమాహాల్లో తనిఖీ గేటు దాటుతుంటే కుయ్యిమంది. పదిమందిలో నన్ను పక్కకి లాగి తడిమారు. కలిసిపోయింది కూస్తుందా?"

బస్సు చివరి సీటు దాకా వినిపించే గొంతు అది. వరండాలో కూర్చున్నవాళ్లంతా తమ తమ బొమ్మలు బయటికి తీశారు.

మీ సరుకు కడ్డీలు మింగేస్తోందని ఉచితంగారు సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకి ఘాటుగా ఈమెయిలు కొట్టి, వదినగారి బొమ్మ జతచేశాడు. జవాబు టీ చల్లారేలోపే వచ్చింది. ఎవరో మర్యాదస్తురాలు. వదినగారు దాన్ని పైకి చదివించింది. మీ యంత్రం ఫైళ్లు మా ప్రోగ్రాము తెరవలేకపోయినట్టుందండీ, అలాంటప్పుడు ఏ భాగం అడిగితే ఆ భాగానికి అభ్యాసం కోసం పెట్టిన బొమ్మ చూపిస్తుంది, ఎవరూ పొరబడకుండా "ఇది నమూనా, రోగిది కాదు" అని మూల రాసి ఉంటుంది, మీ బొమ్మలో ఆ చోట ఎవరిదో పేరు కనిపిస్తోంది, ఆయన ఎవరండీ, అని.

ఉచితంగారు బొమ్మ మూలన ఎర్రగా ఉన్న తన పేరు మీద బొటనవేలు పెట్టాడు.

స్కాన్ యంత్రం సొంత తెర మీద అసలు ఫైలు తెరిచి చూస్తే కడ్డీ వేలెడంత జరిగి ఉంది, ఒక మర విరిగి ఉంది. నడిపించకుండా ఉంటే ఇంత జరిగేది కాదని చెప్పి సర్జన్ ఆపరేషన్‌కి రోజు పెట్టాడు. అన్నగారు తమ్ముడి మొహం చూడ్డం మానేశాడు. వదినగారు మాత్రం మర్నాడే సెంటర్‌కి వచ్చి, కాలు స్టూలు మీద చాపుకుని ఎదురుగా కూర్చుని, బొమ్మలు పట్టుకెళ్లిన వాళ్లందరికీ ఉచితంగారి చేత ఫోన్లు చేయించింది.

"నమస్కారమండీ, మా సెంటర్ తరఫున మీకు ఉచితంగా ఇంకోసారి..." అని ఎత్తుకున్నాడు.

"ఉచితం అనకు. తప్పయింది అను."

"అందరికీనా వదినా?"

"నాతో అన్నావా ఇంకా?"

ఆయన ముందు ఆవిడతో అన్నాడు. తరవాత ఫోన్‌లో అన్నాడు. తిట్టినవాళ్లు తిట్టారు. మామ్మగారి కోడలు, ఆ బొమ్మ చూసే కదా ఆవిడ లేవలేకపోతే నేను నాటకమన్నాను అని ఏడ్చింది. గడియారాల ముసలాయన ఇంట్లో వాళ్లావిడ ఫోనెత్తి, కర్ర అక్కర్లేదు కదా, మార్కెట్ గడియారస్తంభం బాగుచేయడానికి వెళ్లారు అంది మురిపెంగా.

ఉచితంగారు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. ముసలాయన స్తంభం లోపల ఇనప నిచ్చెన సగం ఎక్కి ఉన్నాడు. కింద నిలబడి ఈయన ఉన్నదంతా ఒక్క గుక్కలో కక్కేశాడు.

"ఆ బొమ్మ మీది కాదండీ."

పైన అడుగు ఆగింది. "మరెవరిది?"

"ఎవరిదో. నమూనా."

"మరి నాదెలా ఉంది?"

"ఇంకా చూడలేదండీ."

నిచ్చెన కిర్రుమంది. ముసలాయన రెండు చేతులతో నిచ్చెనని వాటేసుకున్నాడు.

"అయితే అక్కడ నిలబడి చెబుతావేమిట్రా? ఎక్కి పట్టుకో."

ఉచితంగారు ఎక్కాడు.