గాడ్ మోడ్ ఆపించిన సుగుణ మేడం

మొన్న సాయంత్రం సికింద్రాబాద్‌లో లోకల్ రైలెక్కి మల్కాజ్‌గిరి వస్తున్నాను. సీటు దొరకలేదు, కడ్డీ పట్టుకుని నిల్చున్నాను. కిటికీ పక్కన కూర్చున్నాయన ఫోనులోంచి ఉన్నట్టుండి మూడు దెబ్బలు వినిపించాయి. నీళ్ల అడుగున మూసుకుపోయిన పెద్ద తలుపును ఎవరో లోపల్నుంచి గుద్దుతున్నట్టు, ఒక్కో దెబ్బకూ మధ్య కొంచెం ఖాళీ వదిలి. నా అరచేతులు తడిసిపోయాయి. చూసేవాళ్లకు నేను టికెట్ లేకుండా దొరికినవాడిలా కనిపించి ఉంటాను. టికెట్ ఉంది. లేనిది ధైర్యం. ఆ మూడు దెబ్బలు విన్న ప్రతిసారీ నాకు సుగుణ మేడం గుర్తొస్తుంది, ఆమెతోపాటు ఆ భయమూ వస్తుంది. రెండూ ఒకే సీట్లో కూర్చుని ప్రయాణం చేస్తాయి.

బడికీ నాకూ తొమ్మిదో తరగతిలోనే చెడింది. తప్పెవరిదో ఇప్పటికీ తేలలేదు. ఆ తర్వాత మల్కాజ్‌గిరిలో ఒక వీడియో గేముల దుకాణంలో కుదిరాను. ఆడేవాళ్ల వెనక నిలబడి, వాళ్లు ఓడిపోతుంటే జోకులు వెయ్యడం నా పని కాదు గానీ, నేను చేసిన పని అదే. మనుషులు ఓడిపోవడానికి కూడా వచ్చేవాళ్లు. ఊళ్లో ప్రతి గోడ మీదా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడుతున్న రోజులవి. పెళ్లిచూపుల్లో కూడా పిల్లవాడికి ఏ సాఫ్ట్‌వేర్ వచ్చో అడిగేవాళ్లు. అలాంటి రోజుల్లో సుగుణ మేడం ఎవరినో వెతుక్కుంటూ మా దుకాణానికొచ్చి, నా వాగుడు కాసేపు విని, నవ్వకుండా, తమ ఆఫీసుకు రమ్మని చెప్పి వెళ్లింది.

ఆ ఆఫీసు ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక బేకరీ పైన ఉండేది. బయటి దేశాలవాళ్లు తయారు చేసిన ఆటలను అమ్మకానికి పెట్టకముందే మేం ఆడి, ఎక్కడెక్కడ చెడిపోతున్నాయో రాసి పంపాలి. పొద్దున్నే కింద బన్నులు కాలే వాసన, పైన మా కళ్లు కాలే వాసన. మేడం మాకు లీడ్, అంటే మా జట్టుకు పెద్ద. విజయనగరం వైపు మనిషి, నలభై దాటినావిడ, జుట్టు గట్టిగా ముడి వేసుకుని, కళ్లద్దాలు తల మీదికి తోసుకుని తిరిగేది. తాను ఆటలు ఆడేది కాదు. ఆడినవాళ్ల చేత చెప్పించుకునేది. దానికి ఆమె పెట్టిన పద్ధతి ఒకటుంది. మా మానిటర్ ఆపించేది. కుర్చీ వెనక్కి తిప్పి, తన వైపు చూస్తూ, ఆట సంగతి నోటితో చెప్పమనేది. తెర ఆరిపోయాక నీకు గుర్తున్నదే ఆట, మిగతాదంతా కరెంటు ఖర్చు అనేది. చదువుకున్నవాళ్లు తడబడేవాళ్లు, నేనూ తడబడేవాణ్ణి. నేను మాత్రం తడబాటు మీద ఒక జోకు పరిచేవాణ్ణి. గది గదంతా నవ్వేది, ఆమె తప్ప.

ఒకసారి పెద్ద పని వచ్చింది. అంతకు ముందు బాగా అమ్ముడుపోయిన ఒక ఆటకు రెండో భాగం. మొదటి భాగంలో, నీళ్లలో మునిగిన ఒక పట్నంలో దీపాలు వెలిగించుకుంటూ పోయే అమ్మాయి ఉంటుంది. చివర్లో ఆమె పట్నం అడుగుకు దిగిపోయి, తిరిగి రాదు. రెండో భాగంలో ఆమె తమ్ముడు పెద్దవాడై, చేతిలో కత్తీ నడుముకు చిన్న దీపమూ కట్టుకుని అక్కను వెతుకుతూ దిగుతాడు. ఒక్కో అంతస్తుకూ కాపలాగా ఒక్కో పెద్ద రాక్షసుడు. ఆటల్లో వాళ్లను బాస్ అంటారు. మా ఆఫీసులో బాస్ మీద చెయ్యెత్తితే ఉద్యోగం పోతుంది, అక్కడ ఎత్తకపోతే ప్రాణం పోతుంది, తేడా అంతే. అందరికంటే చివరి బాస్ ఎవరో కాదు, ఆ అక్కే. మారిపోయి, చీకటి కట్టుకుని కూర్చుని ఉంటుంది.

ఎప్పుడూ తప్పులు మాత్రమే అడిగే ఆ ఆట కంపెనీవాళ్లు ఈసారి అభిప్రాయం అడిగారు. పాత్రలెలా ఉన్నాయి, సంగీతం ఎలా ఉంది, బాస్‌లు ఎలా ఉన్నారు, ముగింపు మనసుకు పట్టిందా, మొదటి భాగంతో పోలిస్తే ఎలా ఉంది. ఆ మాటలు చెప్పే పని నా మీద పడింది. సరిగ్గా అదే వారం మా యజమాని మూర్తి సార్‌కు నేను పదో తరగతి కూడా పాస్ కాలేదని తెలిసింది. ఆయన అరవలేదు. ఈ రిపోర్టు కంపెనీకి నచ్చితే ఉంచుదాం, లేకపోతే వచ్చిన దుకాణానికే పంపేద్దాం అన్నాడట. మేడం ఆ సంగతి నా దగ్గర దాచలేదు. తలుపు దగ్గర ఆపి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆ రోజు నుంచి నాకు అన్నం లోపలికి పోలేదు. జోకులు మాత్రం బయటికి వస్తూనే ఉన్నాయి, ఇంకా ఎక్కువగా.

నేను చెప్పింది చెప్పినట్టు నవీన్ అనే మా తోటివాడు ఇంగ్లీషులోకి దించాడు. బాస్‌లు చూడ్డానికే పెద్దవాళ్లు, లోపల ఏమీ లేదు అన్నాను. సంగీతం పెళ్లి బ్యాండువాళ్లు అలసిపోయి ఇంటికి పోతూ వాయించినట్టుంది అన్నాను. అక్కను నరకగానే పట్నమంతా వెలిగిపోతుంది, పేర్లు పడతాయి, ఇదొక ముగింపా అన్నాను. మేడం వినేదాకా ఆగకుండా మూర్తి సార్ పొద్దున్నే దాన్ని పంపేశాడు. సాయంత్రం కంపెనీవాళ్లు ఫోనులో మాట్లాడతామన్నారు. ఫోనుకు ముందు ఒకసారి నోటితో చెప్పు అని మేడం మధ్యాహ్నం నా మానిటర్ ఆపించింది.

చెప్పుకుంటూ పోయాను. గది నవ్వింది. ఆమె వింటూ వింటూ ఒక్క ప్రశ్న వేసింది.

"ఆ అక్క తమ్ముణ్ణి గుర్తుపట్టిందేటి?"

"నాకెట్ల తెలుస్తది మేడం? గప్పుడు నేను నరుకుడు పని మీద ఉన్న."

గది మళ్లీ నవ్వింది. ఆమె కళ్లద్దాలు కిందికి దించుకుంది.

"సరే, నీకు భయం ఎక్కడేసింది? అన్ని రాక్షసుల్ని దాటి వచ్చేవు. ఎక్కడా వెయ్యలేదేటి?"

ఎక్కడా వెయ్యలేదన్నాను. నిజంగానే ఎక్కడా వెయ్యలేదు. ఎందుకు వేస్తుంది? మా యంత్రాలన్నిట్లోనూ గాడ్ మోడ్ పెట్టి ఉంది. అంటే ఎన్ని దెబ్బలు తగిలినా ఆడేవాడి ప్రాణం తగ్గదు. తప్పులు వెతికేటప్పుడు పని త్వరగా తెమలాలని అందరం అలాగే ఆడతాం. పెట్టమన్నది మేడమే. వారాలుగా చావు లేకుండా తిరుగుతున్నాం కాబట్టి అది ఉందన్న సంగతే మర్చిపోయాం. అభిప్రాయం అడిగినప్పుడు తియ్యాలని ఎవరికీ తట్టలేదు. మేడం ముఖంలో రంగు మారడం నేను చూశాను. నా మానిటర్ తనే మళ్లీ వెలిగించి, మెల్లగా అంది: "దెబ్బ తగలకుండా తిరిగితే ఏటి తెలుస్తాదిరా. తియ్యి దాన్ని. కూర్చో."

ప్రతి బాస్ ముందూ ఆటను భద్రం చేసి పెట్టుకున్నాం కాబట్టి మొదటి నుంచి ఆడక్కర్లేదు. కానీ టైము లేదు. గోడ గడియారం నా వీపు మీదే నడుస్తోంది. మొదటిసారి కూర్చోగానే చచ్చాను. మళ్లీ చచ్చాను. ఎదుటివాడు ఓడిపోతే వెయ్యడానికి నా దగ్గర ఎన్ని జోకులుండేవో, నేను ఓడిపోతుంటే ఒక్కటీ పనికి రాలేదు. అప్పుడు నవీన్ హెడ్‌ఫోన్లు తెచ్చి నా చెవులకు తగిలించాడు. అలసిపోయిన బ్యాండు అన్నానే, ఆ సంగీతంలో మూడు దెబ్బలున్నాయి. మూడో దెబ్బ పడ్డాక వచ్చే ఖాళీలో రాక్షసుడి చెయ్యి దిగుతుంది. వింటేనే తప్పుకోగలం. ఆ సంగీతం తోడుగా ఉండి హెచ్చరిస్తోంది, నేనే వినలేదు. ఒక్కో బాస్ చెయ్యి ఒక్కో రకంగా దిగుతుంది. ఒకడు కోపంతో కొడతాడు, ఇంకొకడు భయపడి కొడతాడు. చావు ఉంటేనే ఆ తేడా తెలుస్తుంది.

చివరికి అక్క ముందుకొచ్చాను. దెబ్బ తగిలినప్పుడల్లా తగ్గే నా నడుము దీపం కొడిగట్టిపోయింది. ఇంకొక్క దెబ్బ తగిలితే అయిపోతుంది. మూడు దెబ్బలు మోగాయి. నేను తప్పుకోలేకపోయాను. కళ్లు మూసుకున్నాను. ఆమె చెయ్యి దిగలేదు. హెడ్‌ఫోన్లలో మొదటి భాగంలో ఆ అమ్మాయి దీపాలు వెలిగిస్తూ పాడుకునే చిన్న పాట మొదలైంది. కళ్లు తెరిస్తే, ఆమె తన చేతిలోని ఆయుధం నేల మీద పెట్టి, ఆరిపోతున్న నా దీపాన్ని చూస్తోంది. నేనేం చెయ్యాలో తెర మీద ఎక్కడా రాయలేదు. నా వేలు కత్తి బటన్ మీదే ఉంది. కత్తి దించాను.

ఆ తర్వాత వచ్చిన ముగింపు పొద్దున్న మేం రాసి పంపింది కాదు. ఇందులో అక్క చావదు.

ఫోన్ మోగింది. మూర్తి సార్ స్పీకర్ మీట నొక్కి, నవ్వుముఖం పెట్టుకుని కూర్చున్నాడు. మేడం ముందుగా మాట్లాడింది. పొద్దున్న పంపిన రిపోర్టు తప్పు, ఆ తప్పుకు కారణం తను ఇచ్చిన ఆర్డరు, సరైన మాట చెప్పేవాడు ఇక్కడున్నాడు అంది. మూర్తి సార్ నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, మనిషి మాత్రం లోపల్లేడు. నాకు ఇంగ్లీషు రాదు. నేను తెలుగులో చెప్తుంటే ఆమె ఇంగ్లీషులో చెప్పింది. ఒక జోకు వేస్తే భయం పోతుందని తెలుసు. ఆమె నా వైపే చూస్తోంది, వెయ్యలేదు. బాగున్నదంతా చెప్పాక ఆమె స్పీకర్‌కు చెయ్యి అడ్డం పెట్టి, "బాగోలేనిది కూడా చెప్పీ. లేపోతే బాగుందన్నది నమ్మరు" అంది. తమ్ముడు చివరిదాకా ఉట్టి కత్తి పట్టుకున్న చెయ్యే తప్ప మనిషిలా లేడని, బాగా ఆడేవాడికి దీపం తగ్గదు కాబట్టి వాడు అక్కను నరికేసి ఇంటికి పోతాడని, వాడికి కూడా అక్క అలా ఆగిపోవడం కనబడాలని చెప్పాను.

అవతల నుంచి ఒక గొంతు, ఆడినతను కత్తి ఎందుకు దించాడు అని అడిగింది.

"ఆమె దించింది గద," అన్నాను.

మేడం దాన్ని ఒక్క ముక్కా మార్చకుండా ఇంగ్లీషులో చెప్పింది.

ఆ రోజు వాళ్లు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. తర్వాతి రోజులెలా గడిచాయో చెప్పను, బేకరీ వాసన వస్తేనే వాంతొచ్చేది. చివరికి వాళ్ల నుంచి ఇంకో ఆట వచ్చింది, అభిప్రాయానికే. నేను ఉండిపోయాను. కస్టమర్ ముందు తప్పు మాది అనడం మూర్తి సార్‌కు మింగుడుపడలేదు. ఆ తర్వాత ఏ ఫోనుకూ మేడంను కూర్చోనివ్వలేదు. కొన్నాళ్లకు ఆమె వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయింది. వెళ్లే రోజు బేకరీ ముందు ఆటో కోసం నిలబడి ఉంటే అడిగాను, నా జోకులకు ఎన్నడూ ఎందుకు నవ్వలేదని.

"నవ్వితే అక్కడితో ఆపేస్తావురా. నవ్వకపోతే ఇంకోటి చెప్తావు, అదీ కాపోతే మరోటి. ఆ తర్వాత అసలు మాట వస్తాది." ఆటో ఎక్కి, తల బయటికి పెట్టి, అప్పుడు నవ్వింది.

ఇప్పుడు నా కింద కూడా ఆడేవాళ్లున్నారు. వాళ్ల మానిటర్లు నేనూ ఆపిస్తాను. భయం ఎక్కడ వేసిందని అడుగుతాను. నాకు మాత్రం అన్నిచోట్లా వేస్తూనే ఉంది, ప్రతి రిపోర్టుకూ, ప్రతి ఫోనుకూ. వెయ్యని రోజున ఎక్కడో గాడ్ మోడ్ పెట్టి మర్చిపోయానేమోనని వెతుక్కుంటాను.

రైల్లో ఆయన ఫోనులో అదే ఆట, దీపం కొడిగడుతోంది. నేను ఆయన భుజం మీదుగా వంగి చూస్తున్నాను. మూడు దెబ్బలు మోగాయి. తర్వాత ఆ చిన్న పాట. ఆయన వేలు బటన్ మీద ఆగింది. మల్కాజ్‌గిరి వచ్చింది, తలుపు దగ్గర జనం దిగుతున్నారు. ఆయన తలెత్తి, పరిచయం లేని నన్నే అడిగాడు: "ఏందన్నా, ఈమె కొడ్తలేదు?"

జోకు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. రైలు కదిలింది, నేను దిగలేదు.

"నిన్ను గుర్తువట్టిందంటవా?" అని అడిగాను.