గొడుగు చువ్వల రెక్కలు

మా చర్చి క్రిస్మస్ నాటకానికి పదకొండేళ్ళుగా దేవదూతల రెక్కలు నేనే కుడుతున్నాను. విరిగిన గొడుగుల చువ్వలు, తెల్లగుడ్డ, దబ్బనం ఉంటే చాలు. అప్పుడు అందరికీ నాది దేవుడిచ్చిన చెయ్యి. అదే చేత్తో ఈపురుపాలెం మగ్గం మీది నల్లగుడ్డతో నాకోసం ఒక జత కుట్టుకుంటే మాత్రం పిచ్చి. ముప్పై రెండేళ్ళు వచ్చాయి, గుమాస్తా ఉద్యోగం చేస్తున్నావు, ఇంకా జపాన్ బొమ్మల సినిమాలేంటి, గేములేంటి అని అడగనివాళ్ళు లేరు. ఇష్టం కాబట్టి. ఇంకో జవాబు నా దగ్గర లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

అనిమే అనే ఆ బొమ్మల సినిమాలు, గేముల అభిమానులంతా తమకిష్టమైన పాత్రల వేషాల్లో హైదరాబాదులో కలుస్తారని తెలిసి టికెట్ కొన్నాను. నేనాడే గేములో కోటకి కాపలా కాసే నల్ల రెక్కల యోధురాలి వేషం నాది. నాన్న రిటైరైన టీచరు, చర్చిలో పెద్ద. బాపట్ల స్టేషన్లో నన్ను దింపుతూ రెక్కల మూటకి దుప్పటి ఇంకో చుట్టు చుట్టాడు.

"ఎవరన్నా అడిగితే చర్చి డ్రామాకని చెప్పమ్మా."

ఒళ్ళు మండింది. కానీ తెనాలిలో ఎక్కి నా పక్కన కూర్చున్న పెద్దావిడ, దుప్పటిలోంచి తొంగిచూస్తున్న రెక్కని చూసి "ఏంటమ్మా అది?" అనగానే నా నోట వచ్చింది ఆ మాటే.

"మరి నల్లగా ఉన్నాయేంటమ్మా?"

"సాతాను వేషమండి," అన్నాను.

"పోన్లే, ఎవరో ఒకళ్ళు వెయ్యాలిగా," అని ఆవిడ జాలిపడింది. కొంగు తలమీద కప్పుకుని, నా నెత్తిన చెయ్యిపెట్టి, ఈ బిడ్డకి వేసిన వేషం అంటకుండా చూడు ప్రభువా అని ప్రార్థన చేసింది. కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నాను. ఎదుటి సీటువాళ్ళూ అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. దీనికోసం ఇన్నేళ్ళు అందరితో పోట్లాడి, చివరికి నా నోటితో నేనే దాన్ని సాతానుని చేశాను.

మర్నాడు హాల్లో రంగు జుట్లు, అట్టకత్తులు, ఎటు చూసినా వేషాలే. ఎవరూ నా వయసు అడగలేదు. రెక్కలకి కట్టిన తాడు లాగగానే అవి గొడుగుల్లా విచ్చుకున్నాయి. ఒక కాలేజీ అమ్మాయి నా పాత్రని గుర్తుపట్టి కేకపెడుతూ పరిగెత్తుకొచ్చింది. నాకు ఏడుపొచ్చింది. విదేశం నుంచి కవచం తెప్పించుకున్న ఒకాయన రెక్కలు తడిమి చూశాడు.

"ఎక్కడ ఆర్డరిచ్చారు?"

"బాపట్లలో నేనే కుట్టానండి."

"అదెక్కడ?"

"తెనాలి దాటాక. పాత గొడుగొకటి పట్టుకుని రండి, నేర్పిస్తాను."

తిరుగు రైల్లో దుప్పటి మడిచి బ్యాగులో పెట్టేశాను. రెక్కలు పైబెర్తు మీద అందరికీ కనిపించేలా పెట్టి, అడిగిన ప్రతివాళ్ళకీ ఉన్నమాట చెప్పాను.

బాపట్లలో దిగేసరికి నాన్న పక్కన చర్చి సెక్రటరీగారు నిలబడి ఉన్నారు. వాళ్ళ చుట్టాల కోసం వచ్చారట.

"ఏమ్మా, హైదరాబాదు చర్చిలో డ్రామా బాగా జరిగిందా? నాన్నగారు చెప్పారు."

నాన్న పట్టాల వైపు చూస్తున్నాడు.

"డ్రామా కాదండి. నాకు గేములంటే ప్రాణం. అందులో పాత్రలాగా తయారై హైదరాబాదు వెళ్ళొచ్చాను."

ఆయన నాన్న వైపు, రెక్కల వైపు చూశారు. "మరి క్రిస్మస్‌కి రెక్కలు?" అన్నారు చివరికి.

"కుడతానండి. ఈ చేత్తోనే."

బయట స్కూటరు దగ్గర నాన్న రెక్కలకి దుప్పటి చుట్టమన్నాడు. వద్దని, రెక్కల పట్టీలు భుజాలకి తగిలించుకుని వెనక కూర్చున్నాను. నాన్న బండిని జనంలేని సందుల వైపు తిప్పాడు.

"చర్చి వీధిలోంచి పోనీ నాన్నా," అని తాడు లాగాను.