గడ్డి నాటబోతే నేలే లేదు

ఎనభైల చివర్లో నేను వరంగల్‌లో బాటనీ ఎమ్మెస్సీ చదువుతున్నాను. సముద్రతీరపు ఉప్పు చిత్తడిలో మాత్రమే పెరిగే ఒక గడ్డి కనుమరుగవుతోందని, మా సార్ అక్కడి నుంచి కొన్ని దుబ్బులు తెచ్చి, పెంచమని నాకిచ్చారు. ఇంటి వెనక సిమెంటు తొట్టిలో నాటి, ఉప్పు కలిపిన నీళ్లు పోస్తుంటే అమ్మ నెత్తి కొట్టుకునేది.

"ఉప్పునీళ్లకు ఏ చెట్టన్న బతుకుతదా బిడ్డా? పిచ్చి గిట్ల లేశిందా నీకు?"

బతికింది. తొట్టి నిండా అల్లుకుంది. వానాకాలం రాగానే పిలకలను తడి గోనెలో చుట్టి, పుట్టినచోటే నాటుదామని సార్‌తో కలిసి రైలెక్కాను.

తీరంలో బస్సు దిగి, గట్టెక్కి చూసి కొయ్యబారిపోయాను. చిత్తడి లేదు. కనుచూపు మేరా రొయ్యల చెరువులు తవ్వేశారు.

"ఇక్కడ గడ్డి ఉండాలి కదండీ?" అన్నారు సార్.

పని చేయిస్తున్నాయన నవ్వాడు. "అదా? పీకించి తగలబెట్టేశామండి. దాంతో ఏం పని?"

సార్ గట్టు మీదే కూలబడ్డారు. "ఇక మిగిలింది నీ చేతిలో ఉన్నదేనమ్మా" అన్నారు. నేను గోనె మూటను దగ్గరికి పొదువుకున్నాను. ఏడుపు కూడా రాలేదు.

తిరుగు రైల్లో ఆ మూటను ఒళ్లోనే పెట్టుకుని వచ్చి, మళ్లీ తొట్టిలో నాటాను. తర్వాత ఫారెస్టువాళ్లు కాపాడుతున్న మరో తీరంలో నాటితే వేళ్లూనుకుంది.

అయినా, ఎవరైనా "ఉత్త గడ్డే కదా" అంటే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది.