ఎనిమిదో చుక్క

నూజివీడులో ఆడపిల్లల హైస్కూల్లో నేను లెక్కలు చెబుతున్న రోజుల్లో, ఎనభైల నడిమి సంవత్సరాల్లో, మా బడికి ఒక కంప్యూటర్ వచ్చింది. ఊళ్లో టీవీ ఉన్న ఇళ్లే తక్కువ అప్పటికి. విజయవాడలో పది రోజులు శిక్షణకు వెళ్లొచ్చినందుకు దాని బాధ్యత నాకు అప్పగించారు. సైన్సు లాబ్ పక్కన రేకుల గదిలో బల్ల మీద పెట్టాం. కిటికీ అవతల మామిడి తోట.

మొదటిరోజు పదో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టి, బొమ్మలు గీసే ప్రోగ్రామ్‌ని టేప్‌రికార్డర్ క్యాసెట్ నుంచి ఎక్కించి, వృత్తం సమీకరణం టైపు చేశాను. నల్లటి తెర మీద ఒక పచ్చటి చుక్క పడింది. దాని పక్కన ఇంకొకటి. చుక్కలు మెల్లగా వంపు తిరుగుతూ వెళ్లి, బయల్దేరిన చోటికే వచ్చి కలిశాయి. నలభైమంది పిల్లలూ తెర వైపు వంగారు. పన్నెండేళ్లుగా అదే సమీకరణాన్ని సుద్దముక్కతో బోర్డు మీద రాస్తున్నాను. అది తనంతట తాను నడవడం చూడటం నాకూ అదే మొదటిసారి.

మాఘమాసం వెళ్లి ఎండ ముదురుతుండగా ఒక మధ్యాహ్నం వృత్తం సగంలో ఆగిపోయింది. తెర నిండా పైనుంచి కిందికి సన్నటి పచ్చ గీతలు పడ్డాయి. ఏ మీట నొక్కినా కదలిక లేదు. ఆపి మళ్లీ వేస్తే అక్షరాలు శుభ్రంగా వచ్చాయి. బొమ్మ గీయమంటే మళ్లీ అవే గీతలు, మళ్లీ బిగుసుకుపోవడం.

కంపెనీకి ఉత్తరం రాశాం. ఇంజనీరు మీ వైపు వచ్చినప్పుడు చూస్తాడని జవాబొచ్చింది. ఎప్పుడొస్తాడో రాయలేదు. ఊరుకోబుద్ధి కాలేదు నాకు. ముందు కరెంటును అనుమానించి, హెడ్‌మిస్ట్రెస్‌గారింటి ఫ్రిజ్ స్టెబిలైజరు అరువు తెచ్చి పెట్టాను. గీతలు పోలేదు. క్యాసెట్ సాగిపోయిందేమోనని రెండో క్యాసెట్ నుంచి ఎక్కించాను. ఆఖరికి పుస్తకంలో అచ్చువేసిన ప్రోగ్రామ్ మొత్తం రెండు రోజులు కూర్చుని చేత్తో టైపు చేశాను. తొమ్మిదో తరగతి పిల్లలకి ఉదయం చక్కగా గీసి చూపించింది. మధ్యాహ్నం పదో తరగతి వాళ్ల ముందు బిగుసుకుపోయింది. నేనే ఏదో తప్పు చేస్తున్నాననుకున్నాను.

ఆ గది ఊడ్చి, తలుపులు తీసి వేసేది మా ఆయమ్మ. ఆగిరిపల్లి మనిషి. కాయల కాలంలో సెలవు పెట్టి తోటల్లో కోతకి వెళ్లేది. నేను తల పట్టుకుని కూర్చుంటే చీపురు గోడకి ఆనించి అంది.

“టీచరుగారూ, నేనొక మాట చెప్పొచ్చాండీ?”

“చెప్పు ఆయమ్మా.”

“పొద్దున పూట ఇది పాడవటం నేను చూళ్లేదండి. ఎప్పుడు చూసినా అన్నం గంట కొట్టాకే. రేకులు కాలిపోతుంటే మనకే ఇక్కడ నిలబడబుద్ధి కాదు. దీనికి మాత్రం వేడి తగలదా అండి?”

నా నోట్‌బుక్ తెరిచి చూశాను. పాడైన ప్రతిసారీ టైము రాసుకున్నాను గానీ ఆ టైముల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు. ఒక్కటి కూడా పన్నెండున్నరకి ముందుది లేదు. ఆమె గుమ్మంలో నిలబడి గమనించినది, లెక్కల టీచర్నైన నాకు కనపడలేదు.

అంటే ప్రోగ్రామ్‌లో తప్పు లేదు. లోపల ఏదో వేడికి పట్టు తప్పుతోంది. ఏది?

మర్నాడు మధ్యాహ్నం గీతలు పడగానే లాబ్ నుంచి భూతద్దం తెచ్చి తెరకి ఆనించాను. దగ్గర్నుంచి చూస్తే బొమ్మంతా చుక్కలే. ఒక గీత నుంచి మరో గీత దాకా లెక్కపెట్టాను. మధ్యలో ఏడు నల్లచుక్కలు, ఎనిమిదోది వెలుగుతోంది. పక్కకి జరిగాను. మళ్లీ ఏడు, మళ్లీ ఎనిమిదోది. తెర ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కచోట కూడా తప్పలేదు. పాడైపోయిన వస్తువులో అంత క్రమం ఉంటుందని నేను అనుకోలేదు.

కంప్యూటర్‌తో వచ్చిన పుస్తకం మళ్లీ తిరగేశాను. చుక్కల్ని ఎనిమిదేసి చొప్పున దాచుకుంటుందట. ఎనిమిదింటికీ ఎనిమిది చిప్‌లు, ఒక్కో చుక్క బాధ్యత ఒక్కో చిప్‌ది. అక్షరాలకు ఒక వరుస, బొమ్మలకు, బొమ్మలు గీసే ప్రోగ్రామ్‌కు రెండో వరుస. రెండో వరుసలో ఒక్క చిప్ అబద్ధం చెబుతోంది. మిగతా ఏడూ నిజమే చెబుతున్నాయి.

పెట్టె విప్పాలి. దాని మీద కంపెనీ అంటించిన సీలుంది, ఇతరులు తెరవకూడదని. హెడ్‌మిస్ట్రెస్‌గారి దగ్గరికి వెళ్లాను. ఆమె రిటైరవడానికి ఏడాదే ఉంది. సంతకాల విషయంలో మహా జాగ్రత్త మనిషి. భూతద్దం, ఎనిమిదో చుక్క, ఆయమ్మ చెప్పిన మాట, అన్నీ వివరించాను.

“విప్పితే మళ్లీ బిగించగలరా?” అన్నారు.

“నాలుగు స్క్రూలేనండి. బిగించగలను.”

“చెయ్యి పెడితే మొత్తానికే చెడిపోతుందేమో?”

“చెడిపోవచ్చండి.”

ఆమె కాసేపు కాగితాలు సర్దారు. తర్వాత రిజిస్టరు తీసి, తన సమక్షంలో తెరుస్తున్నామని రాసి సంతకం చేశారు. “పదండి. లోపలేముందో నేనూ చూడాలి,” అన్నారు.

ఆ శనివారం ఒంటిపూట బడి. పిల్లలు వెళ్లాక ప్లగ్గు పీకి, మూత తీశాను. ముగ్గురం వంగి చూశాం. ఆకుపచ్చ పలక మీద రాగి దారులు, వాటి మీద బారులు తీరిన నల్లటి చిప్‌లు.

“ఇందులో తిరిగేది ఏదీ లేదా అండి?” అంది ఆయమ్మ.

“లేదు.”

“ఒక్క చక్రం కూడా?”

“ఒక్కటి కూడా లేదు ఆయమ్మా.”

హెడ్‌మిస్ట్రెస్‌గారు కళ్లజోడు సర్దుకుని, “మరి ఆ వృత్తం ఎక్కడుంటుందమ్మా?” అని అడిగారు. నేను రెండో వరుస చూపించాను. ఆ ఎనిమిదింటిలోనే ఉంటుందని చెబుతుంటే నా మాట నాకే నమ్మశక్యంగా లేదు. ఆమె ఆ వరుస మీద వేలు ఆనించకుండా గాలిలోనే ఈ చివర నుంచి ఆ చివరకి పోనిచ్చారు.

ఏ చుక్క ఏ చిప్‌దో పుస్తకంలో లేదు గానీ, ఆ వరుసలో మూడో చిప్ ఒక అంచు దాని గూట్లోంచి గోరు మందం పైకి లేచి ఉంది. శిక్షణలో చెప్పినట్టు, ఒంటి మీది స్థిర విద్యుత్తు చిప్‌కి తగలకుండా కిటికీ ఇనుప ఊచ కాసేపు పట్టుకుని, బొటనవేలితో దాన్ని నొక్కాను. టిక్కుమని చిన్న చప్పుడైంది. మూత మళ్లీ బిగించాను.

వెంటనే వేసి చూస్తే లాభం లేదు. గది ఇంకా కాగలేదు. రెండు దాకా ఆగాలన్నాను. ఇళ్లకి ఎవరూ వెళ్లలేదు. ఆయమ్మ పచ్చి మామిడికాయ కోసి ఉప్పూకారం అద్ది తెచ్చింది. ముగ్గురం ఒకే పళ్లెంలోవి తిన్నాం. హెడ్‌మిస్ట్రెస్‌గారు మాతో కూర్చుని తినడం ఆ బడిలో ఎవరూ చూసి ఉండరు.

రెండయ్యేసరికి రేకుల కింద నిలవలేకపోయాం. కంప్యూటర్ వేసి వృత్తం గీయమన్నాను. చుక్కలు బయల్దేరాయి. సగం దాటాయి. వచ్చి కలిశాయి. ఒకదానిలో ఒకటి వంద వృత్తాలు గీయమన్నాను. గంటకు పైగా గీస్తూనే ఉంది. తెర మీద ఒక్క గీత పడలేదు. హెడ్‌మిస్ట్రెస్‌గారు చెమట కూడా తుడుచుకోకుండా చూస్తూ కూర్చున్నారు. ఆయమ్మ ఎప్పుడు చేతులు జోడించిందో నేను గమనించలేదు.

ఇంజనీరు కాయల కాలం అయిపోయాక, ఆషాఢంలో వచ్చాడు. చిరిగిన సీలు చూసి మొహం చిట్లించాడు. రిజిస్టరు చూపించాం. సంగతంతా విని, వేడికీ చల్లదనానికీ ఈ చిప్‌లు కొంచెం కొంచెంగా పైకి లేస్తాయని, చాలా ఊళ్లలో ఇదే ఇబ్బంది అని చెప్పాడు.

“ఇక్కడ ఎవరు కనిపెట్టారండీ?” అన్నాడు.

“మా ఆయమ్మ, మా లెక్కల టీచరూ,” అన్నారు హెడ్‌మిస్ట్రెస్‌గారు.

ఆ చిప్ కాళ్లు నల్లబడ్డాయని కొత్తది వేసి, పాతదాన్ని నా అరచేతిలో పెట్టాడు. ఏలక్కాయ బరువు కూడా లేదు. ఆ సంవత్సరం మా పిల్లలు గీసిన ప్రతి బొమ్మలోనూ ఎనిమిదో వంతు దాని గుండా వెళ్లింది. ఆయమ్మ చెయ్యి చాపితే ఆమె చేతిలో పెట్టాను. ఆమె వెలుతురుకి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చూసింది.