మంద ఎవరి చేనికి?

నా భార్య చనిపోయిన ఏడాది, గద్వాల వెళ్తూ తుంగభద్ర ఒడ్డున ఒక ఊళ్లో బండి కోసం ఆగాను. ఎండాకాలం. నదిలో మోకాటి లోతు నీళ్లే ఉన్నాయి. అవతలి ఒడ్డు ఇంగ్లీషువాళ్ల సీమ, ఇవతలిది సంస్థానం. కరువుకు ఊళ్లు విడిచిన గొల్ల కుటుంబాలు అవతల గొర్రెలతో, పిల్లలతో నిలబడి, ఇవతలివాళ్లు రమ్మంటారో పొమ్మంటారో అని చూస్తున్నాయి.

"మన బాయిలే ఎండినయి. గీళ్లను రానిస్తే రేపు మనమేం తాగాలె?" అన్నాడు పటేలు. ఊళ్లో ఆయన మాటే చెల్లుతుంది.

"ఆకలితోని వచ్చినోళ్లను ఎట్ల తరుముతవు పటేలా?" అన్నాడు దుకాణం ఖాసిం సాయెబు.

"నీకేంది సాయెబూ, బ్యారం పెరుగుతది!"

చాలాసేపు వాదించుకున్నారు. చివరికి సాయెబు, "సరే, నీ చేన్లకు నువ్వు రానియ్యకు. నా చేన్ల మంద పెట్టించుకుంట. జొన్న నా ఎత్తు పెరుగుతది" అన్నాడు.

పటేలు గొర్రెల వైపు మళ్లీ చూశాడు. రాత్రి మంద పడుకున్న చేనికి ఆ ఏడు వేరే ఎరువు అక్కర్లేదు. అందుకు బదులుగా రైతు కాపరులకు గింజలు కొలిచి ఇస్తాడు. అది అక్కడి రివాజు.

"నీ చేన్లనా? ముందు నా చేన్ల! పటేలును నేనా, నువ్వా?"

పంచె ఎగగట్టి ఆయనే నీళ్లలోకి దిగాడు. "రాండ్రి, జల్ది రాండ్రి! మా బాయి నీళ్లు సల్లగుంటయి!"

"గిప్పటిదాంక ఎండిన బాయే గద పటేలా!" అంటూ సాయెబు వెనకాలే దిగాడు.

ఆ ఏడాది నేను బిగ్గరగా నవ్వింది ఆ ఒడ్డునే.